బెస్సెల్ చుట్టాలు

బెస్సెల్ అనే జర్మన్ గూఢచారి కోసం డిపార్ట్‌మెంటు పదకొండు రోజులు వెతికింది.

కాచిగూడ స్టేషన్ చుట్టూ ఉన్న లాడ్జీలన్నీ జల్లెడ పట్టారు. తెల్లతోలు కనిపిస్తే చాలు, పాస్‌పోర్టు అడిగారు. ఎవరో పాపం బెల్జియం ఫాదరీని రెండు రోజులు కూర్చోబెట్టి "నీ అసలు పేరు బెస్సెల్ కదూ?" అని గద్దించారు. ఆయన బైబిలు మీద చెయ్యేసి కాదన్నాడు. ప్రమాణం చేసి మరీ కాదంటున్నాడు కాబట్టి గట్టివాడే అయివుంటాడని ఫైల్లో రాసుకున్నారు.

ఇంత హడావుడికీ కారణం ఒక్క టెలిగ్రాం. యూనివర్సిటీ లెక్కల ప్రొఫెసర్ వెంకటనర్సయ్య ఢిల్లీకి పంపాడు. "బెస్సెల్ అబద్ధం చెబుతున్నాడు. రాడార్ పనికి ప్రమాదం. వెంటనే మనిషిని పంపండి." అంతే.

ఆ టెలిగ్రాం పంపాక ప్రొఫెసర్ తొమ్మిది రోజులు బతికే ఉన్నాడు. రోజూ పొద్దున్నే తార్నాక చౌరస్తాలో నిలబడి, వస్తానన్న మనిషి కోసం చూశాడు. పదో రోజు మనిషి రాలేదు. నంబరు ప్లేటు లేని లారీ వచ్చింది. ఆయన సంచిలోని కాగితాలు కూడా మాయమయ్యాయి.

అప్పుడు గానీ ఈ మహానుభావులకు తమలో లెక్కలు చదివినవాడు ఎవడైనా ఉన్నాడా అనే ఆలోచన రాలేదు. ఉన్నాడు, ఒకే ఒక్కడు. ఏజెంట్ నంబర్ నలభై ఒకటి, పేరు బుచ్చిబాబు. బి.ఎస్సీ. మ్యాథ్స్, థర్డ్ క్లాస్. మిగతావాళ్లందరూ జూడోలో ఫస్ట్ క్లాసే.

పన్నెండో రోజు పొద్దున్న పదింటికి బుచ్చిబాబు తార్నాకలో డిపార్ట్‌మెంటు రహస్య ఆఫీసుకు వెళ్లాడు. బయట "హోమియో క్లినిక్" అని బోర్డు. లోపలికి పోవాలంటే కోడ్ వర్డ్ చెప్పాలి. "కాళ్ల పీకులకు మందుందా?" ఇదీ కోడ్ వర్డ్. తార్నాకలో అరవై దాటిన ముసలాళ్లందరికీ ఈ కోడ్ వర్డ్ పుట్టుకతోనే తెలుసు. పొద్దుటి నుంచి నలుగురు వెనక గదిలోకి వెళ్లి, దేశరక్షణ మ్యాపు కింద కూర్చుని, పంచదార గుళికలు పుచ్చుకుని వెళ్లారు. ఇద్దరికి తగ్గిందట కూడానూ.

లోపల డిప్యూటీ డైరెక్టర్ కొండలరావు నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. గదిలో ఒకే బల్బు. ఆ అద్దాల్లోంచి ఫైలు కనపడక ముక్కుకు ఆనించి చదువుతున్నాడు.

"నలభై ఒకటీ! బెస్సెల్ గురించి నీకేం తెలుసు?"

"చచ్చిపోయాడండి."

కొండలరావు కుర్చీలోంచి ఎగిరి పడ్డాడు. "ఎప్పుడు? ఎవరు లేపేశారు?"

"నూట ఇరవై రెండేళ్లయిందండి. జబ్బు చేసి పోయాడు."

కొండలరావు మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

"మనిషి పోయాడండి, ఫంక్షను మిగిలింది," అన్నాడు బుచ్చిబాబు, చిన్నపిల్లలకు చెప్పినట్టు. "సైను, కొసైను ఉన్నాయి కదా, ఆ కులమే. కాస్త పెద్దింటిది. డప్పు మీద దెబ్బ కొడితే తోలు ఎలా ఊగుతుందో చెప్పే లెక్క అది. గుండ్రంగా ఉన్న దేనికైనా కావాలి. రాడార్ డిష్ కూడా గుండ్రమే."

కొండలరావు కళ్లద్దాలు తీశాడు. మొహం పాలిపోయింది. అతనికి లెక్కలు రావు గానీ, తన ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో మాత్రం బాగా తెలుసు.

బ్రీఫింగ్ అయిదు నిమిషాల్లో అయింది. కోస్తా రాడార్ డిష్ తాలూకు నంబర్లు యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో తయారవుతున్నాయి. సాయంత్రం నాలుగ్గంటలకు సీలు వేసిన పెట్టెలో, వ్యానులో, డిష్ పోతపోసే ఫ్యాక్టరీకి వెళతాయి. అవి తప్పయితే రాడార్ కళ్లున్న గుడ్డిది. శత్రు విమానం నెత్తిమీదికి వచ్చినా ఆకాశం ఖాళీ అని చెబుతుంది. దీని వెనకున్న ముఠా పేరు "ఏడు తేళ్లు". ఎన్నిసార్లు లెక్కపెట్టినా అయిదుగురే తేలుతున్నారు.

"ఆ ఫంక్షన్ని అచ్చు టేబుల్సుతో సరిచూశారయ్యా. ఎనిమిదో దశాంశం దాకా సరిపోయింది," అన్నాడు కొండలరావు. "కాబట్టి వ్యాను ఆగదు. ఇంకోటి. ప్రొఫెసర్ హత్యకు ఢిల్లీ ఒక పేరు అడుగుతోంది. బెస్సెల్ దొరకలేదు. దానియేలు దొరికాడు."

"దానియేలెవరండి?"

"సెంటర్లో కార్డులు పంచ్ చేసేవాడు. ఆఖరి కట్ట ప్రొఫెసర్‌కు ఇచ్చింది వాడే. వ్యాను కదలగానే తీసుకెళ్లి లోపలేస్తాం. వారెంటు టైపయింది. నువ్వు నాలుగు లోపల ఇంకో పేరు తెస్తే సరే, లేకపోతే వాడే."

"సాక్ష్యం?"

"ఉరిశిక్ష పడే నాటికి దొరుకుతుందిలే."

బుచ్చిబాబుకు ఒళ్లు మండింది. సీనియర్ ఆఫీసర్ని కొడితే పెన్షన్ పోతుంది కాబట్టి ఊరుకున్నాడు.

"అక్కడ మన డబుల్ ఏజెంట్ ఉంది, మిస్ లిండా. రిసెప్షన్లో కూర్చుంటుంది," అన్నాడు కొండలరావు. ఆ పేరు చెప్పేటప్పుడు అతని గొంతు జిలేబీ పాకమైపోయింది. "ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది. వెర్రివెధవలు! నేనే స్వయంగా చేర్చుకున్నా."

మిస్ లిండా అసలు పేరు సుబ్బలక్ష్మి. ఇల్లు బౌద్ధనగర్. ముఠాకూ ఆమె మీద నమ్మకమే, కొండలరావుకూ నమ్మకమే. ఇద్దరిలో ఒకరు వెర్రివెధవ అన్నంతవరకు అతను చెప్పింది నిజం.

కొండలరావు ఒక ట్రే ముందుకు తోశాడు. గుండీలో దాగిన కెమేరా, తూటా పేలే పెన్ను, ఒక విగ్గు, మూడు రకాల మీసాలు. బుచ్చిబాబు వాటి వంక చూసి, కిటికీ గొళ్లెం బిగించడానికి పెట్టిన స్పానర్ ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు. కంప్యూటర్ ఉన్నచోట ఏసీ ఉంటుంది. ఏసీ మెకానిక్ మొహం ఎవడూ చూడడు.

*

కంప్యూటర్ సెంటర్లో పుష్యమాసపు చలి. బీరువాల్లాంటి పెట్టెలు వరసగా గుయ్యిమంటున్నాయి. దానియేలు చొక్కా మీద చొక్కా, దానిమీద స్వెట్టర్ వేసుకుని పంచింగ్ మిషను ముందున్నాడు. లాలాపేట్ మనిషి. నలభై అయిదేళ్లుంటాయి. సాయంత్రం తనను తీసుకుపోతారని అతనికి తెలియదు.

"ఏం తమ్మీ, ఏసీ బందు చేస్తవా ఏంది? చేస్తే పుణ్యముంటది," అన్నాడు నవ్వుతూ.

రిసెప్షన్లో మిస్ లిండా గోళ్లకు రంగేసుకుంటోంది. షిఫాన్ చీర, ఎర్ర లిప్‌స్టిక్, బల్ల కింద మూడు గిన్నెల టిఫిన్ కారియరు. మెకానిక్ వైపు ఆమె కన్నెత్తి చూడలేదు.

బుచ్చిబాబు ఏసీ మూత విప్పి, మళ్లీ బిగించి, దానియేలు పక్కన స్టూలు లాక్కున్నాడు. "దానియేలన్నా, ఈ మిషను ఆల్జీబ్రా కూడా చేస్తుందటగా?"

"మిషను కాదు తమ్మీ, పంతులు చేస్తడు." దానియేలుకు హుషారొచ్చింది. "ఫారిన్ నుంచి వచ్చిన ప్రోగ్రాం. మేం పంతులని పేరు పెట్టినం. అంకెలు ఇయ్యకున్నా సరే, అక్షరాలతోనే లెక్క చేసి సూత్రం అచ్చేస్తడు. ఎయ్యి సూత్రాలు నోటికొచ్చు ఆయనకు. అంకె ఇచ్చి విలువ అడిగితే మాత్రం ఈ డ్రాయర్ల కట్టలు చూడాలె. గామా, ఎయిరీ, బెస్సెల్... ఒక్కో ఫంక్షన్‌కు ఒక్కో కార్డుల కట్ట. బెస్సెల్‌కే నాలుగున్నయి. జె-జీరో, జె-వన్, వై-జీరో, వై-వన్."

డ్రాయరు లాగి చూపించాడు. ప్రతి కట్ట పై కార్డు మీద ఎర్రటి బొట్టు.

"ఇదేంటన్నా?"

"దసరాకు ఆయుధపూజ. మా అటెండరు బిక్షం మిషనుకు, ప్రింటర్‌కు, కట్టకట్టకు బొట్టు పెడతడు. నేను చర్చికి పోయేటోన్ని. వద్దు, కార్డులు ఖరాబైతయి అంటే వింటడా? నా కుర్చీకి గూడ పెట్టిండు."

రాడార్ లెక్కకు కావలసింది జె-వన్. పంతుల్ని పరీక్షిద్దామని చెప్పి, బుచ్చిబాబు అక్కడున్న టేబుల్సు పుస్తకం తెరిచి, దానియేలు చేత విలువలు తీయించి, మధ్యాహ్నం పన్నెండింటి నుంచి వరసగా పోల్చాడు. ఒకటి దగ్గర సరి. పది దగ్గర సరి. ఇరవై నాలుగున్నర దగ్గర సరి. ఇరవై అయిదు దగ్గర సరి. ఆ తర్వాత పేజీ తిప్పితే అట్ట వచ్చింది. పుస్తకం ఇరవై అయిదుతో అయిపోయింది.

రాడార్ లెక్క ముప్పై రెండు దాకా పోతుంది.

అదీ సంగతి! పుస్తకం ఉన్నంతవరకు బుద్ధిమంతుడు, పుస్తకం దాటగానే దొంగ. మన పెద్దలు ఎనిమిదో దశాంశం దాకా చూశారు గానీ, పుస్తకం ఎక్కడ ఆగిందో చూడలేదు. చేత్తో లెక్కగట్టి రుజువు చేయాలంటే వారం పడుతుంది. గడియారం రెండు కొట్టింది. రాడార్ నంబర్లు ప్రింటయి, సీలు పడి, తార్నాక వైపు గేటు దగ్గర డ్రైవర్ వీరస్వామి వ్యానులోకి ఎక్కాయి.

బిక్షం చాయ్ తెచ్చాడు. "ఏంది తమ్మీ, గంత పరేషాన్ల ఉన్నవ్?"

"పుస్తకంలో లేనిదాన్ని నిజమో అబద్ధమో ఎలా తేల్చాలా అని, బిక్షమన్నా."

బిక్షం కప్పు పెట్టి నిలబడిపోయాడు. "మా వెంకటనర్సయ్య సారు గూడ గిట్లనే ఒక మాట అన్నడు. సచ్చిపోయే ముందురోజు గీ కుర్చీలనే కూసున్నడు. మా బిడ్డకు సంబంధం వచ్చింది సార్, పిల్లగాడు ఎట్లాంటోడో ఎట్ల తెలుస్తది అని అడిగిన. 'పిల్లగాన్ని అడిగితే మంచిగనే చెప్తడు బిక్షం. వాని చుట్టాలను అడుగు. నాలుగిండ్లల్ల అడిగితే అబద్ధం నిలువది. నేను గూడ గిప్పుడు గదే చేస్తున్న' అన్నడు. సారుకు పెండ్లీడు పిల్లలు లేరు. గందుకే ఆ మాట నాకు సమజ్ కాలే."

బుచ్చిబాబు చాయ్ వదిలేసి లేచాడు.

చుట్టాలు! జె-జీరో, జె-వన్, వై-జీరో, వై-వన్. నాలుగిళ్లు. జె-వన్‌ను వై-జీరోతో గుణించి, అందులోంచి జె-జీరో, వై-వన్‌ల లబ్ధం తీసేస్తే, మిగిలేది ఎప్పుడూ ఒకటే. రెండును పై-ఎక్స్‌తో భాగించినంత. ఎక్స్ ఎంతైనా సరే, పుస్తకం అక్కర్లేదు. బి.ఎస్సీ. ఫైనల్లో ఇదే ప్రశ్న పద్దెనిమిది మార్కులకు వచ్చింది. అతను వదిలేశాడు. అందుకే థర్డ్ క్లాసు.

"దానియేలన్నా! పంతుల్ని రెండు రకాలుగా అడగాలి. ముందు అక్షరాలతో, సూత్రం చెప్పమని. తర్వాత అంకెలతో, కట్టల్లోంచి విలువలు తీసి."

దానియేలు అతని మొహం మొదటిసారి పరీక్షగా చూశాడు. "నువ్వు మెకానిక్‌వేనా?"

"థర్డ్ క్లాస్ మెకానిక్‌ని. కానీయన్నా, టైం లేదు."

దానియేలు వేళ్లు పరుగెత్తాయి. కార్డులు టకటకా పడ్డాయి. మూడు ఇరవైకి ప్రింటర్ గర్జించింది. ఎక్స్ ఇరవై దగ్గర సూత్రం 0.0318310 అంది, కట్టలూ అదే అన్నాయి. ఎక్స్ ముప్పై దగ్గర సూత్రం 0.0212207 అంది. కట్టలు 0.0198846 అన్నాయి.

పంతులు నోటితో ఒకటి చెబుతున్నాడు, చేత్తో ఒకటి రాస్తున్నాడు. కట్ట మారిపోయింది. పాపం ప్రొఫెసర్ ఈ ముక్కే చెప్పడానికి చౌరస్తాలో తొమ్మిది రోజులు నిలబడ్డాడు.

*

మూడున్నరకు కొండలరావు ఇద్దరు మఫ్టీ పోలీసులతో దిగాడు. జేబులో వారెంటు, వెనకాలే మిస్ లిండా. బుచ్చిబాబు ప్రింటు కాగితం అతని ముందు పరిచాడు.

"జె-వన్ కట్ట మార్చేశారండి. నంబర్లు తప్పు. వ్యాను ఆపించండి."

"మార్చేశారా?" కొండలరావు మొహం విప్పారింది. "శభాష్! మరి కట్టలు ఎవరి చేతిలో ఉంటాయి? వీడి చేతిలోనేగా! ఇదే సాక్ష్యం! పట్టుకోండి వీణ్ణి!"

మఫ్టీవాళ్లు దానియేలు రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"అయ్యా, నేనేం చేసిన? పదకొండేండ్ల నుంచి గీడనే పని చేస్తున్న! ఆ సారు నాకు దేవుని లెక్క!" దానియేలు ఏడ్చేశాడు. ఎందుకు పట్టుకున్నారో కూడా తెలియని మనిషి ఏడుపు చూసి బుచ్చిబాబుకు తన రుజువు మీద తనకే రోత పుట్టింది. అమాయకుడి మెడకు ఉరి తనే పేనినట్టయింది.

"చూస్తే చాలా నెమ్మదస్థుడిలా ఉన్నాడే!" అంది మిస్ లిండా, జాలి నటిస్తూ.

"జర ఆగుండ్రి." బిక్షం జె-వన్ కట్ట చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాడు. "గీ బొట్టు నేను పెట్టింది కాదు."

"నోర్ముయ్! బొట్టేమిటి మధ్యన?" అన్నాడు కొండలరావు.

"ఎట్ల నోరు మూస్తా సార్? నేను కుంకుమ నీళ్లల్ల కలిపి పెడతా. ఎండినంక పొడి రాల్తది, కార్డు గరుకైతది. సూడుండ్రి, జె-జీరో మీద రాల్తున్నది. దీనిమీద రాలదేంది?" బొటనవేలితో రుద్దాడు. వేలు జిడ్డుగా మెరిసింది. వాసన చూశాడు. "మా ఇంటి కుంకుమకు గులాబి వాసన రాదు సార్."

గదిలో ఉన్న ఆరు జతల కళ్లు మిస్ లిండా పెదవుల మీదికి తిరిగాయి. అదే రంగు.

ఏడు తేళ్ల ముఠా రెండేళ్లు ప్లాను వేసింది. విదేశంలో పెద్ద పెద్ద బుర్రలు కూర్చుని ఎనిమిది దశాంశాల దాకా అబద్ధాన్ని చెక్కాయి. కార్డు మందం, రంగు, అంచు, అన్నీ కుదిరాయి. హైదరాబాదులో అటెండరు కార్డుల కట్టకు కూడా బొట్టు పెడతాడని మాత్రం ఆ బుర్రలకు తట్టలేదు. తట్టాల్సిన బౌద్ధనగర్ సుబ్బలక్ష్మి లిండా అయిపోయాక ఇంట్లో కుంకుమ భరిణె ఉంచుకోలేదు. చేతికందింది పూసేసింది.

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. అడుగు తిప్పింది. కొసన చిన్న గొట్టం బయటికి వచ్చింది.

"కదలొద్దు. ఇందులో రెండు తూటాలున్నాయి." ఆమె నవ్వింది. "చచ్చినవాడి కోసం పదకొండు రోజులు లాడ్జీలు వెతికారు. మీలాంటి దద్దమ్మల మీద పనిచెయ్యడం నాకే సిగ్గుగా ఉంది."

అందులో కాదనడానికి ఏమీ లేదు. కొండలరావు అప్పటికే బల్ల కింద ఉన్నాడు. మఫ్టీవాళ్లు దానియేలును వదిలేసి రెండు చేతులూ పైకెత్తారు.

అదే వాళ్లు చేసిన ఒకే ఒక్క మంచిపని. దానియేలు చేయి పంచింగ్ మిషను కిందికి పోయింది. కార్డులకు బెజ్జాలు పొడిచినప్పుడు రాలిన కాగితపు చుక్కలు డబ్బానిండా ఉన్నాయి. ఆ డబ్బా ఎత్తి ఆమె మొహాన కొట్టాడు. గది నిండా తెల్లగా లేచింది. తూటా ఏసీకి తగిలింది. బుచ్చిబాబు స్పానర్ ఆమె మణికట్టుకు తగిలింది.

బిక్షం ఆమె టిఫిన్ కారియరు విప్పాడు. "రోజూ తెస్తది, తినదు. ఏందమ్మా అంటే లావైత అంటది." నడిమి గిన్నెలో అసలు జె-వన్ కట్ట ఉంది. దాని నెత్తిన బిక్షం బొట్టు పొడిపొడిగా రాలుతోంది. వ్యాను వెళ్లిపోయాక తిరిగి డ్రాయర్లో పెడితే, ఏ జన్మకూ ఎవరికీ తెలిసేది కాదు.

"వ్యాను!" అరిచాడు బుచ్చిబాబు. గడియారం మూడు యాభై ఏడు.

"ఆగదయ్యా!" బల్ల కింద నుంచి వచ్చింది గొంతు. "నేనొచ్చి అడిగినా ఆపొద్దని ఆర్డరిచ్చాను. కోడ్ వర్డ్ చెబితే తప్ప..."

బుచ్చిబాబు పరుగు లంకించుకున్నాడు. లైబ్రరీ దాటాడు. హాస్టళ్లు దాటాడు. డొంకదారిన పడి, తార్నాక వైపు గేటు చేరేసరికి వ్యాను గేటు దాటి గేరు మారుస్తోంది. అతని పిక్కలు నిజంగానే పట్టేశాయి. ఉన్న ఊపిరంతా కూడగట్టి అరిచాడు.

"కాళ్ల పీకులకు మందుందా!"

గేటు దగ్గర జామకాయలమ్మే శివమ్మ జాలిగా తలెత్తింది. "హోమియో దవాఖాన ఉన్నది గాని పోకు బిడ్డా. ఆ డాక్టర్‌కు ఏం తెల్వది."

వ్యాను కీచుమని ఆగింది.

*

అసలు కట్టతో లెక్క మళ్లీ తిరిగింది. ఈసారి చుట్టాలందరూ ఒకే మాట చెప్పారు. సరైన నంబర్లతో వ్యాను ఆరున్నరకు కదిలింది. దానియేలు నెత్తిన కాగితపు చుక్కలతోనే సైకిలెక్కి లాలాపేట్‌కు పోయాడు. తనను ఏ నేరానికి పట్టుకున్నారో, ఎందుకు వదిలారో ఎవరూ చెప్పలేదు. క్షమించమని కూడా ఎవరూ అడగలేదు. బుచ్చిబాబు ఒక్కడే గేటు దాకా నడిచి, "అన్నా, తప్పయింది," అన్నాడు.

రిపోర్టు కొండలరావే రాశాడు. అందులో మిస్ లిండా లేదు. ఉంటే, ఆమెను చేర్చుకున్నదెవరని ఢిల్లీ అడుగుతుంది. ఆమెను గుట్టుగా ఏదో జైలుకు పంపారు. బిక్షం కూడా రిపోర్టులో లేడు. ప్రొఫెసర్ టెలిగ్రాం ఆలస్యంగా అందినట్టు రాశారు. అయితే ఢిల్లీకి ఒక పేరు కావాలి కదా. పేరు లేకుండా ఫైలు మూతపడదు.

నెల తిరక్కుండా కొండలరావుకు మెడల్ వచ్చింది. ఆ రోజు బుచ్చిబాబు ఫైలు తెరిచి, చివరి పేజీ రెండుసార్లు చదివి, టేబులు మీద విసిరికొట్టాడు.

ప్రొఫెసర్ వెంకటనర్సయ్య హత్య కేసు. మొదటి ముద్దాయి: బెస్సెల్, జర్మన్. పరారీలో ఉన్నాడు. ఆచూకీ తెలిసినవారు తార్నాక హోమియో క్లినిక్‌లో తెలుపగలరు.